రాతి ఎముకలో మిగిలిన జిగురు

ఈసారి మీ ఇంట్లో కోడికూర వండినప్పుడు ఒక కాలి ఎముకను దాచి ఉంచండి. దానికి అంటుకున్న మాంసమంతా గీకి, కడిగి, ఒక గాజుసీసాలో వేసి, మునిగేదాకా వెనిగర్ పోయండి. మూత వదులుగా పెట్టండి. రెండు రోజులకొకసారి పాత వెనిగర్ పారబోసి కొత్తది పోస్తూ వారం పది రోజులు ఓపిక పట్టండి. తరువాత ఎముకను బయటికి తీసి కడిగి, రెండు కొసలూ పట్టుకొని వంచి చూడండి. విరగదు! రబ్బరు ముక్కలా వంగుతుంది. మాంసం వండని ఇళ్ళ పిల్లలు మీ సైన్సు మాస్టారిని అడిగితే బడిలోనే చేసి చూపిస్తారు.

మా బడిలో ఎనిమిదో తరగతి వారిచేత ఈ ప్రయోగం ఏటా చేయిస్తాను. ఒక ఏడు వెనిగర్ పోయకముందే, కడిగి పళ్ళెంలో ఆరబెట్టిన ఎముకను కిటికీలోంచి వచ్చిన పిల్లి కాస్తా ఎత్తుకుపోయింది. ఆ ఏడు మాత్రం ప్రయోగం నోటితో చెప్పి ఊరుకోవలసి వచ్చింది.

ఎముక ఎందుకు వంగింది? ఎముకలో ముఖ్యంగా రెండు పదార్థాలున్నాయి. ఒకటి కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన గట్టి ఖనిజం. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఇదే. రెండవది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మూడు సన్నని పోగులు ఒకదానినొకటి పెనవేసుకొని, కొబ్బరితాడులాగా బిగుసుకుంటే ఒక కొల్లాజెన్ అణువు అవుతుంది. కాంక్రీటు దూలంలో సిమెంటూ కంకరా ఎంత అవసరమో, లోపలి ఇనుప చువ్వలు కూడా అంతే అవసరం కదా! ఎముకలో ఖనిజం కాంక్రీటు వంటిది, కొల్లాజెన్ చువ్వల వంటిది. వెనిగర్‌లోని ఆమ్లం ఖనిజాన్ని కరిగించి తీసుకుపోయింది, చువ్వలు మిగిలాయి. అదే ఎముకను నిప్పుల్లో బాగా కాల్చితే కొల్లాజెన్ మండిపోయి ఖనిజం మిగులుతుంది. అప్పుడు ఎముక ఆకారం చెడదు గాని, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. వడ్రంగులు ఇదివరకు వేడిచేసి వాడుకొనే జిగురు, ఎముకలను, చర్మాన్ని ఉడికించి తీసిన ఈ కొల్లాజెనే. ఈ జిగురు సంగతి గుర్తుంచుకోండి. వ్యాసం చివరలో దీనితో పని పడుతుంది.

ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను. ఏడు కోట్ల సంవత్సరాల క్రితం చచ్చిన జంతువు ఎముకను ఇలాగే నానబెడితే ఏమవుతుంది?

చాలా ఏళ్ళపాటు నేనైతే తడుముకోకుండా ఇలా చెప్పేవాణ్ణి: "ఏమీ మిగలదు. శిలాజమంటే రాయి. జంతువు చచ్చిన తరువాత మాంసం, చర్మం, రక్తం, కొల్లాజెన్ అన్నీ సూక్ష్మజీవులకు ఆహారమైపోతాయి. ఎముకలోని సందుల్లోకి నీటితోపాటు ఖనిజాలు చేరి గట్టిపడతాయి. ఆమ్లంలో వేస్తే అంతా కరిగిపోయి కాస్త మడ్డి మిగులుతుంది." చాలా శిలాజాల విషయంలో ఈ మాట ఇప్పటికీ నిజమే. కాని అన్నింటి విషయంలో కాదని తేలింది. నేను చెప్పిన పాఠాన్ని నేనే దిద్దుకోవలసి వచ్చింది.

ముందు ఆ జంతువులేమిటో చూద్దాం. డైనోసార్లు నేలమీద తిరుగుతున్న కాలంలో సముద్రాలను ఏలినవి వేరే సరీసృపాలు. వీటిని డైనోసార్లని పిలవడం పొరపాటు. ఇక్తియోసార్లు చూడటానికి డాల్ఫిన్లలా ఉండేవి. ప్లీసియోసార్లలో చాలావాటికి పొడవాటి మెడ, తెడ్లవంటి నాలుగు కాళ్ళు. మోససార్లు బల్లి, ఉడుము, పాము జాతులకు చుట్టాలు. మన పొలాల్లో కనిపించే ఉడుము సముద్రంలో దిగి, కాళ్ళు తెడ్లుగా మారి, ఒళ్ళు పడవంత పెరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇవన్నీ ఊపిరితిత్తులతో గాలి పీల్చినవే. నీటిపైకి రాక తప్పేది కాదు. మన దేశంలోనూ ఇక్తియోసార్లు ఉండేవి. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో దొరికిన, సుమారు అయిదున్నర మీటర్ల ఇక్తియోసార్ అస్థిపంజరాన్ని గురించి 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

మెత్తని భాగాల కథ జర్మనీలో, హోల్జ్‌మాడెన్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. అక్కడి భూమిలో పలకలు పలకలుగా విడే నల్లరాయి ఉంది. సుమారు 18 కోట్ల ఏళ్ళ క్రితం అది సముద్రపు అడుగుబురద. అడుగునీటిలో ఆమ్లజని దాదాపు లేదు. పీతలు, పురుగులు బ్రతకలేవు. అందువల్ల మునిగిన కళేబరాన్ని పీక్కుతినేవి లేవు. అక్కడ రాతిగనులున్న కుటుంబంలో పుట్టిన బెర్న్‌హార్డ్ హౌఫ్ పలకలను చెక్కి ఎముకలను బయటపెట్టడంలో గొప్ప నేర్పరి. 1892లో ఆయన ఒక ఇక్తియోసార్‌ను చెక్కుతూ, ఎముకల చుట్టూ ఉన్న నల్లని మరకను గీకి పారేయకుండా అలాగే ఉంచాడు. ఆ మరక చర్మపు ఆనవాలు. దానిలో వీపుమీద నిలువుగా ఒక త్రికోణపు రెక్క కనిపించింది!

ఈ రెక్కలో ఎముక లేదు. తోకలోనూ పైభాగానికి ఎముక లేదు. వెన్నెముక కిందికి వంగి కింది భాగంలోకి పోతుంది. అంతకు ముందు దొరికిన అస్థిపంజరాలలో తోక ఎముకలు వంగి ఉండటం చూసి, చచ్చాక విరిగిందేమోనని కొందరు అనుకున్నారు. ఆ మరకే లేకపోతే ఇక్తియోసార్ అసలు రూపం మనకు తెలిసేది కాదు. ఎముకలు ఎంత చక్కగా దొరికినా అవి చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి.

ఆ నల్లమరకలో ఆకారం తప్ప మరేమైనా ఉందా? 2018లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహాన్ లిండ్‌గ్రెన్, ఆయన తోటివారు హోల్జ్‌మాడెన్‌కే చెందిన ఒక ఇక్తియోసార్ చర్మాన్ని సూక్ష్మదర్శినులతో, రసాయన పరీక్షలతో శోధించారు. చర్మం నున్నగా ఉంది, పొలుసులు లేవు. రంగునిచ్చే కణాల జాడలు వీపువైపు దట్టంగా, పొట్టవైపు పల్చగా ఉన్నాయి. అంటే వీపు ముదురు రంగు, పొట్ట లేత రంగు. పైనుంచి చూసేవారికి చీకటి నీటిలోను, కిందినుంచి చూసేవారికి వెలుతురులోను కలిసిపోయే ఏర్పాటు. చర్మం కింద తిమింగలాలకున్నట్లు మందపాటి కొవ్వుపొర జాడ కూడా కనిపించింది. ఒంట్లో వేడి పుట్టించుకోని బల్లికి కంబళి కప్పితే ఏం లాభం? కొవ్వుపొర ఉందంటే, ఆ సరీసృపం తన ఒంటివేడిని తానే నిలుపుకొనేదని వారు నిర్ణయించారు.

సరే, చర్మం మరకగా మిగిలింది. ఎముక లోపలి సంగతేమిటి? ఇక్కడే అసలు తగువు ఉంది.

అదే లిండ్‌గ్రెన్ బృందం 2011లో ఒక మోససార్ ఎముకను తీసుకుంది. ఆ జంతువు పేరు ప్రోగ్నాథోడాన్. వయస్సు సుమారు 7 కోట్ల సంవత్సరాలు. దొరికింది బెల్జియంలోని సీప్లీ సుద్దరాళ్ళలో. ఉన్నది బ్రస్సెల్స్‌లోని ప్రకృతి విజ్ఞాన సంస్థలో. ఆ ఎముక ముందు తెడ్డుది, మన దండ ఎముక వంటిది. దానిలోంచి చిన్న ముక్క తీసి, మీరు వెనిగర్‌తో చేసిన పనినే వారు ఇ.డి.టి.ఎ. అనే ద్రవంతో చేశారు. అది కాల్షియాన్ని మెల్లగా పట్టి లాగేస్తుంది. మెత్తని వాటి జోలికి పెద్దగా పోదు. ఖనిజం పోయాక సన్నని పోగులు మిగిలాయి!

పోగులు కనిపించినంత మాత్రాన కొల్లాజెన్ అనుకోవడానికి వీలులేదు కదా. బూజు కూడా పోగులే. అందుకని వాటిమీద పరారుణ కిరణాలు పంపారు. ప్రతి రసాయన బంధమూ పరారుణ కిరణాలలో తనకు తగిన తరంగాలను మాత్రమే పీల్చుకుంటుంది. ఏ తరంగాలు తగ్గాయో చూస్తే ఏ బంధాలున్నాయో తెలుస్తుంది. నలుసంత ముక్కకు చాలా ప్రకాశవంతమైన కిరణం కావాలి. ఎలక్ట్రాన్లను ఇంచుమించు కాంతి వేగంతో పెద్ద వలయంలో తిప్పితే అలాంటి కాంతి వెలువడుతుంది. ఆ యంత్రాన్ని సింక్రోట్రాన్ అంటారు. (మన దేశంలో ఇటువంటివి ఇందోర్‌లో ఉన్నాయి.) మోససార్ పోగులలో మాంసకృత్తుకు ఉండవలసిన బంధాలే కనిపించాయి. వాటి గుర్తులు బాక్టీరియా పొరల గుర్తులతో సరిపోలలేదు. పోగులలో అమైనో ఆమ్లాలు కూడా ఉన్నాయి. ఇవి అసలైన ఎముక మాంసకృత్తుల శేషాలే అని ఆ బృందం ప్రకటించింది.

ఈ కథ చెప్పినప్పుడు మా తరగతిలో వెనుక బెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, పచ్చిచేప రెండు రోజులకే కుళ్ళుతుంది. ఏడు కోట్ల ఏళ్ళు మాంసం నిలిచిందంటే, ఆ ఎముక అంత పాతది కాదేమో!" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న తప్పుది కాదు. దానికి జవాబు వెతకాలి.

మొదటి సంగతి. ఎముక వయస్సును దానిలోని జిగురును చూసి చెప్పరు. రాతిపొరల మధ్య అక్కడక్కడ అగ్నిపర్వతాల బూడిదపొరలు ఉంటాయి. వాటిలోని జిర్కాన్ రవ్వలలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి వయస్సు కడతారు. బూడిద లేని చోట, శిలాజాలను బట్టి ఈ పొర ఆ పొరకు సమానమని పోలుస్తారు. ఇలా పోల్చడానికి ఎక్కువగా పనికివచ్చేవి అమ్మొనైట్లనే చుట్టల గవ్వలు. మీ ఇంట్లోనో గుడిలోనో పూజలో ఉండే శాలగ్రామం గండకీనదిలో దొరికే అమ్మొనైట్ శిలాజమే. దేశదేశాల్లో ఎందరో విడివిడిగా కొలిచినా ఈ లెక్కలు కలుస్తున్నాయి.

రెండవ సంగతి మరింత చిక్కుది. ఆ మోససార్ ఎముకకు కార్బన్-14 పరీక్ష కూడా చేశారు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్ళకు సగం అవుతుంది. ఏడు కోట్ల ఏళ్ళ ఎముకలో ఒక్క పరమాణువు కూడా మిగలకూడదు. కాని నేటి జీవులలో ఉండేదానిలో సుమారు 4.7 శాతం కనిపించింది! మీరే లెక్క వేయండి. నాలుగు సార్లు సగం చేస్తే 6.25 శాతం, అంటే 22,920 ఏళ్ళు. అయిదు సార్లయితే 3.1 శాతం, 28,650 ఏళ్ళు. కాబట్టి 4.7 శాతానికి వయస్సు ఈ రెంటి మధ్య రావాలి. వచ్చింది 24,600 ఏళ్ళని.

అయితే మోససార్‌కు 24,600 ఏళ్ళేనా? తొందరపడకండి. ఒక కుండలో నిన్నటి పాలూ ఇవాళటి పాలూ కలిపారనుకోండి. కలిపిన పాలను చూసి, "ఇవి నిన్న మధ్యాహ్నం పితికినవి" అంటే తప్పు కదా. కార్బన్-14 అసలే లేని పాత కార్బన్ 95 పాళ్ళు, నేటి బాక్టీరియా తెచ్చిన కొత్త కార్బన్ 5 పాళ్ళకు కొంచెం తక్కువ కలిస్తే సరిగ్గా ఇదే జవాబు వస్తుంది. ఎముక పైభాగాన చేరిన బాక్టీరియావల్ల ఇలా వచ్చి ఉంటుందని పరిశోధకులే రాశారు. తమకు ఇబ్బంది కలిగించే అంకెను దాచకుండా అచ్చువేశారు చూశారా! నాకు ఆ వ్యాసంలో అన్నిటికంటె నచ్చినది ఇదే.

కాని దీనితో ఇంకొక అనుమానం పుడుతుంది. కొత్త కార్బన్ చేరగలిగితే, కొత్త మాంసకృత్తు కూడా చేరి ఉండవచ్చు కదా? ఈ అనుమానం ఊరికే పుట్టినది కాదు. అమెరికాలో మేరీ ష్వైట్జర్ 2005లో, 6 కోట్ల 80 లక్షల ఏళ్ళనాటి టిరనోసారస్ తొడ ఎముకలో ఖనిజాన్ని తీసివేస్తే సాగే రక్తనాళాల వంటివి బయటపడ్డాయని ప్రకటించింది. 2008లో థామస్ కే, ఆయన తోటివారు మరికొన్ని శిలాజ ఎముకలను చూసి, ఆ గొట్టాలు రక్తనాళాలు కావని, ఎముకలోని సన్నదారులలో బాక్టీరియా పరిచిన జిగటపొర అని వాదించారు. రక్తకణాల్లా గుండ్రంగా కనిపించినవి ఇనుము ఉన్న ఖనిజపు రవ్వలన్నారు. 2019లో ఇంకొక బృందం కెనడాలో డైనోసార్ ఎముకలను ఎంతో శుభ్రంగా తవ్వి తీసి పరీక్షించింది. వాటి లోపల నేటి సూక్ష్మజీవులు చుట్టూ ఉన్న మట్టిలోకంటె ఎక్కువగా కాపురం ఉంటున్నాయి! ఎముకలోని ఫాస్ఫేట్, సన్నని దారులు వాటికి బాగా నచ్చాయన్నమాట.

అందువల్ల సముద్ర సరీసృపాల ఎముకలను పరీక్షించేవారు ఒక్క సాక్ష్యంతో తృప్తిపడటం లేదు. ఉదాహరణకు హోల్జ్‌మాడెన్ ఇక్తియోసార్ వెన్నుపూస ఒకటి సున్నపురాతి ముద్దలో మూసుకుపోయి దొరికింది. ఆస్ట్రేలియాలో కర్టిన్ విశ్వవిద్యాలయంలో క్లోయీ ప్లే, క్లిటీ గ్రైస్ మొదలైనవారు దాన్ని పరిశీలించి 2017లో ప్రకటించారు. ఎర్ర, తెల్ల రక్తకణాల వంటి ఆకారాలు, కొల్లాజెన్ పోగుల వంటివి కనిపించాయి. వాటితోపాటు కొలెస్టరాల్ కూడా దొరికింది. బాక్టీరియాలు సాధారణంగా కొలెస్టరాల్ తయారుచేయవు, జంతువులు చేస్తాయి. ఎముకలోని కొలెస్టరాల్‌కూ, చుట్టూ ఉన్న రాతిలోని దానికీ కార్బన్ రకాల పాళ్ళలో తేడా కూడా ఉంది. కాబట్టి బయటినుంచి ఊరి వచ్చిందనడం కష్టం. రక్తకణాల మాట మాత్రం అంత తేలికగా ఒప్పుకోలేం. అవి నేటి జంతువుల ఎర్రకణాలకంటె నాలుగైదు రెట్లు చిన్నవి. ఆమ్లజని తక్కువగా ఉన్న కాలానికి తగినట్లు చిన్నవయ్యాయని పరిశోధకుల ఊహ. ఎండిన రేగుపండులా ముడుచుకుపోయి ఉండవచ్చు కూడా. గుండ్రని ఖనిజపు రవ్వలేమో అనే అనుమానమూ పూర్తిగా పోలేదు. వ్యాసం పేరులోనే వారు రక్తకణాలని కాక, రక్తకణాల వంటి ఆకారాలని రాశారు. ఆ "వంటి" అనే మాట మీ నోటుపుస్తకాల్లో జారిపోకుండా చూసుకోండి.

పోలండ్‌లోని సైలీషియాలో దొరికిన నోథోసార్ ఎముకలు ఇంకా పాతవి. 24 కోట్ల 70 లక్షల ఏళ్ళనాటివి. 2016లో దావిద్ సుర్మిక్ బృందం వాటినుంచి ఖనిజాన్ని కరిగిస్తే గోధుమరంగు కొమ్మలుకొమ్మలుగా చీలిన గొట్టాలు మిగిలాయి. వాటి గోడలు ఇనుప తుప్పు వంటి ఖనిజంతో గట్టిపడ్డాయి. ఆ తుప్పు మధ్య కొల్లాజెన్‌కు ప్రత్యేకమైన హైడ్రాక్సీప్రోలీన్ వంటి అమైనో ఆమ్లాల గుర్తులు చిక్కాయి.

ఈ ఇనుము ఎక్కడిది? రక్తంలో ఉన్నదే కావచ్చు. ష్వైట్జర్ దీనికి ఒక మంచి ప్రయోగం చేసింది. నిప్పుకోడి ఎముకలనుంచి రక్తనాళాలను తీసి, కొన్నిటిని నీటిలో, కొన్నిటిని ఇనుముండే హిమోగ్లోబిన్ ద్రవంలో ఉంచింది. నీటిలోనివి కొద్ది రోజుల్లోనే కుళ్ళాయి. హిమోగ్లోబిన్‌లోనివి గదిలో మామూలు వేడిమిలోనే రెండేళ్ళు చెడకుండా ఉన్నాయి. ఇనుము మాంసకృత్తు పోగులను ఒకదానికొకటి ముడివేసి, తోలును ఊనినట్లు చేస్తుందని ఆమె అభిప్రాయం. ఊనిన తోలు పచ్చిచర్మంలా కుళ్ళదు కదా! దీనికి ఎముక ఖనిజం కోటలా తోడైంది. ఆమ్లజని లేని బురద, వెంటనే గట్టిపడిన సున్నపురాయి కలిసివచ్చాయి. పచ్చిచేపకు ఈ వసతులేవీ లేవు. రెండేళ్ళకూ ఏడు కోట్ల ఏళ్ళకూ మధ్య దూరం చాలా ఉందని మా వెనుక బెంచీ కుర్రవాడు మళ్ళీ అన్నాడు. అదీ నిజమే.

ఇంత చదివి, మోససార్‌ను మళ్ళీ పుట్టించవచ్చని మాత్రం కలలు కనకండి. మిగిలినది ముడులు పడి, ముక్కలై, రంగు మారిన శేషం. కూరకు పనికివచ్చే మాంసం కాదు. ప్రాణిని మలిచే సమాచారమంతా ఉండేది డి.ఎన్.ఎ.లో. అది కొల్లాజెన్ కంటె చాలా త్వరగా విరిగిపోతుంది. ఇంతవరకు చదవగలిగిన అతి పాత డి.ఎన్.ఎ. గ్రీన్‌లాండ్ మట్టిలోది, 2022లో ప్రకటించారు. దాని వయస్సు సుమారు 20 లక్షల ఏళ్ళు. ఏడు కోట్లు ఎక్కడ, ఇరవై లక్షలు ఎక్కడ!

ఇక మొదట చెప్పిన వడ్రంగి జిగురు సంగతి. పాత రోజుల్లో మ్యూజియంలలో పెళుసైన శిలాజ ఎముకలు పగలకుండా వాటికి పూసిన బంకలలో జంతువుల జిగురు కూడా ఒకటి. అంటే కొల్లాజెన్! నూరేళ్ళ క్రితం అల్మారాలో పెట్టిన ఇక్తియోసార్ ఎముకలో ఇవాళ కొల్లాజెన్ కనిపిస్తే, అది ఇక్తియోసార్‌దా, ఎముకను కాపాడాలనుకొన్న మనిషి పూసిన ఆవుచర్మపు జిగురుదా? ఎవరు పూశారో, ఎప్పుడు పూశారో చాలాసార్లు రాసి పెట్టలేదు. అందుకే ఈ పరిశోధనకోసం తవ్వేవారు ఇప్పుడు చేతులకు తొడుగులు వేసుకొని, ఎముకలో కొంత భాగాన్ని అంటిన రాతితోపాటే ఊడదీసి, బంక ఏదీ పూయకుండా అల్యూమినియం రేకులో చుట్టి, పక్కనే ఉన్న మట్టిని కూడా వేరే సీసాలో తీసుకొని ప్రయోగశాలకు తెస్తున్నారు.